కన్ను దాటేసిన అక్షరం



దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే ఒక చిన్న పని చేయండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఓ, ఎన్, జీ, సీ అని రాయండి. దాని కిందనే ఓ, జీ, ఎన్, సీ అని రాయండి. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, పది పనుల తొందరలో ఉన్న మనిషిలా ఒక్కసారి చూడండి. రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇప్పుడు బయటికి చదవండి. ఓ ఎన్ జీ సీ. ఓ జీ ఎన్ సీ. కన్ను దాటేసిన తేడాను చెవి వెంటనే పట్టేస్తుంది.

ఈ రెండు అక్షరాల తారుమారు విలువ, అప్పటి ఫిర్యాదు ప్రకారం, దాదాపు 197 కోట్ల రూపాయలు. 2015లో మన ప్రభుత్వ రంగ చమురు సంస్థ ఓఎన్‌జీసీ గుజరాత్‌లోని హజీరా నుంచి సౌదీ ఆరామ్‌కోకు 36 వేల టన్నుల నాఫ్తా పంపింది. సరుకు చేరింది, పైకం రాలేదు. ఆరా తీస్తే, మీ వాళ్లు మెయిల్‌లో చెప్పిన ఖాతాకే పంపామని అవతలి నుంచి జవాబు వచ్చింది. ఆ ఖాతా సంగతి ఓఎన్‌జీసీకి తెలియదు. రెండు సంస్థల మధ్య నడుస్తున్న మెయిళ్లను ఎవరో గమనించి, అధికారి మెయిల్ ఐడీలో ఎన్‌ను, జీని అటూ ఇటూ మార్చి, డబ్బు ఇంకో ఖాతాకు పంపండని రాశారు. చదివినవాళ్లు అక్షరాలు కూడబలుక్కోలేదు. మనలో ఎవరం కూడబలుక్కుంటాం?

నేను కోనరావుపేట వాణ్ణి. ఒకవైపు సిరిసిల్ల సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు, ఇంకోవైపు గల్ఫ్ బాట పట్టిన ఇళ్లు. ఈ రెండింటి మధ్య పెరిగిన మాకు ఉత్తరం అంటే ఏమిటో బాగా తెలుసు. దుబాయి నుంచి కవరు వస్తే, చదువు రాని తల్లి కూడా విప్పకముందే పైన రాత చూసి 'ఇది మా పిల్లగాని చేతిరాతే' అనేది. ఆ రాత ఒక గుర్తు. భీవండిలోనో సూరత్‌లోనో ఉన్న నూలు సేటు పంపిన కాగితం మీద రబ్బరు ముద్ర, కింద సంతకం ఉండేవి. అదీ ఒక గుర్తు. మెయిల్ వచ్చాక ఆ గుర్తులన్నీ పోయాయి. అందరి అక్షరాలూ ఒకే అచ్చులో ఉంటాయి. తల్లి పోల్చుకునే చేతిరాత లేదు. ఆ లోటును పూడ్చే ఏర్పాట్లు ఉన్నాయి, అయినా మన వ్యాపారుల్లో చాలామంది వాటిని పెట్టుకోలేదు. అది నన్ను బాధపెడుతున్న సంగతి, ఇవాళ మీ ముందుకు తెచ్చిన సంగతి.

మెయిల్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్లాలో చెప్పే నియమాలను అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఇంజనీరు 1982లో రాసి పెట్టాడు. ఆ రోజుల్లో ఆ వలలో ఉన్నవాళ్లు కొద్దిమంది, ఎక్కువగా విశ్వవిద్యాలయాల వాళ్లు, ఒకరినొకరు నమ్మేవాళ్లు. అందుకే 'పంపినవారు' అనే చోట ఎవరు ఏ పేరు రాసినా, అది నిజమా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. పోస్టు డబ్బాలో వేసే కవరు మీద 'ఫ్రం' అడ్రసు ఎవరిదైనా రాయొచ్చు కదా, అచ్చం అలాగే. ఇప్పటికీ పునాది అదే. మీ కంపెనీ పేరు రాసి, మీ సర్వరును తాకకుండా, మీ పాస్‌వర్డు తెలియకుండా, ప్రపంచంలో ఎక్కడివాడైనా మీ ఖాతాదారుకు మెయిల్ పంపగలడు. మీరు అడ్డం పెట్టకపోతే అది చేరుతుంది కూడా.

సిరిసిల్లలో ఒక ఆసామి ఉన్నాడనుకోండి. కొన్ని సాంచాలు, మ్యాక్స్ అనే సహకార సంఘంలో సభ్యత్వం, చీరల ఆర్డర్లు ఉన్నాయి. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పటి నుంచి మా దగ్గర లెక్కాపత్రం, ఆర్డర్ల కాగితాలు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. నూలు బాకీ ఏడు లక్షలు కట్టాలి. నూలు కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది: 'ఆడిట్ జరుగుతోంది, పాత ఖాతా ఆగింది, ఈసారి ఈ ఖాతాలో వేయండి'. కింద బిల్లు, పైన కంపెనీ గుర్తు, అసలు బాకీ ఎంతో అంతే మొత్తం. ఆసామి వేశాడు. పది రోజుల తర్వాత అసలు సేటు ఫోన్ చేసి పైకం ఏదని అడిగాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు నష్టపోయారు? పేరు వాడుకున్నది సేటుది, పోయింది ఆసామి సొమ్ము. ఆ వారం కార్మికులకు కూలి ఇవ్వడానికి అప్పు తెచ్చేది కూడా అతనే.

ఈ లెక్కే మన వాళ్లు చూడాలి. పేరు గలవాడు తలుపు వేయకపోతే దోపిడీ అతనింట్లో కాకుండా అతన్ని నమ్మినవాళ్ల ఇంట్లో జరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు ఈ పని వాయిదా వేస్తాయి. నాకు మాత్రం ఇది బాకీ ఎగ్గొట్టడం కన్నా తక్కువ తప్పు కాదనిపిస్తుంది.

కోరుట్ల, జగిత్యాల, వేములవాడ పల్లెల్లో దీని ఇంకో ముఖం కనిపిస్తుంది. ఖతర్‌లోనో సౌదీలోనో పెద్ద కంపెనీ పేరుతో ఉద్యోగం ఇచ్చామని మెయిల్ వస్తుంది. లెటర్‌హెడ్, జీతం, ఉచిత వసతి, కింద మేనేజర్ పేరు. తర్వాత వీసా ఖర్చులని, మెడికల్ అని డబ్బు అడుగుతారు. పిల్లగాడు ఫోన్‌లో చూస్తే కంపెనీ పేరే కనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్ మెయిల్ ఐడీని దాచేసి పేరు ఒక్కటే చూపిస్తుంది. ఆ పేరును వేలితో నొక్కితే అసలు ఐడీ బయటపడుతుంది. ఈ మోసంలో ఆ కంపెనీకి పైసా నష్టం ఉండదు. కుదువపెట్టిన పుస్తెలతాడు ఇక్కడిది. గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌నూ అడగొచ్చు. అడిగాకే రూపాయి తీయండి.

ఇది చదువు లేనివాళ్లకే జరుగుతుందనుకోకండి. లిథువేనియా దేశస్థుడు ఎవాల్దాస్ రిమాసౌస్కస్, గూగుల్, ఫేస్‌బుక్ కంపెనీలకు సరుకు అమ్మే తైవాన్ సంస్థ క్వాంటా కంప్యూటర్ పేరుతోనే లాత్వియాలో ఒక కంపెనీ పెట్టాడు. 2013 నుంచి 2015 దాకా దొంగ బిల్లులు, దొంగ మెయిళ్లు పంపి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. ప్రపంచానికి మెయిల్ పెట్టెలు ఇచ్చిన గూగులే మోసపోయింది. 2019 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు అతనికి 5 ఏళ్ల జైలు వేసింది. ఇంటి దగ్గరి సంగతి చూస్తే, 2024లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ బెంగళూరులోని ఒక మందుల కంపెనీకి ఇవ్వాల్సిన 2.16 కోట్ల రూపాయలు ఇలాగే దారి తప్పాయి. ఆ కంపెనీ మెయిల్ ఐడీలాగే కనిపించే ఐడీ నుంచి ఖాతా మార్చమని మెయిల్ వచ్చింది.

ఇక అడ్డం ఎలా పెట్టాలో చూద్దాం. మీ కంపెనీకి సొంత డొమైన్ ఉంటుంది, అంటే మెయిల్ ఐడీలో 'ఎట్' గుర్తు తర్వాత వచ్చే పేరు. ఆ పేరు గురించిన వివరాలు ఇంటర్నెట్‌లో డీఎన్‌ఎస్ అనే బహిరంగ చిట్టాలో ఉంటాయి. ఎవరైనా చదవొచ్చు, రాయగలిగేది మాత్రం పేరు యజమాని. ఆ చిట్టాలో మీరు మూడు మాటలు రాయించాలి.

మొదటిది ఎస్‌పీఎఫ్. 'మా సరుకు ఈ లారీలే తెస్తాయి, వేరే బండిలో వస్తే మాది కాదు' అని గేటు దగ్గర నంబర్లు అంటించినట్టు, మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉందని చెప్పే పట్టీ అది. ఇక్కడ మన కంప్యూటర్ కుర్రాళ్లు తరచు చేసే పొరపాటు ఒకటుంది. కొత్త సేవ కొనగానే పాత పట్టీని సవరించకుండా రెండో ఎస్‌పీఎఫ్ పట్టీ కలుపుతారు. ఒక పేరుకు రెండు ఉంటే రెండూ చెల్లవు.

రెండోది డీకిమ్. నేతగాడు బట్ట తాను అంచున వేసే ముద్ర లాంటిది. మీ సర్వరు తన దగ్గర దాచుకున్న రహస్య తాళంతో ప్రతి మెయిల్ మీదా ఒక గుర్తు వేస్తుంది. దాన్ని పోల్చి చూసే తాళం చిట్టాలో అందరికీ అందుబాటులో ఉంటుంది. ముద్ర వేశాక దారిలో ఎవరైనా లోపలి మాట మార్చితే పోలిక కుదరదు. పోయిన చేతిరాతకు ఇదే బదులు.

మూడోది డీమార్క్. 2012లో బయటికి వచ్చింది, 2015లో నియమపత్రంగా అచ్చయింది. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ సగంలో వదిలేసేదీ ఇదే. మొదటి రెండూ పరీక్షలు మాత్రమే. పరీక్ష తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవి గట్టిగా చెప్పవు. పైగా చదివేవాడి కంటికి కనిపించే 'ఫ్రం' పేరుకూ, పరీక్ష నెగ్గిన పేరుకూ పొత్తు కుదిరిందా అని అవి చూడవు. డీమార్క్ చూస్తుంది. ఆపైన అవతలి మెయిల్ పెట్టెకు యజమానిగా మీ ఆజ్ఞ ఒకటి వినిపిస్తుంది. ఆ ఆజ్ఞ మూడు రకాలు: ఏమీ చేయకుండా, చూసి నాకు చెప్పు; పక్కన స్పామ్‌లో పెట్టు; అసలు లోపలికే రానీయకు.

మొదటి రకంతో మొదలుపెట్టడం సబబే. అప్పుడు పెద్ద మెయిల్ సంస్థలు దాదాపు రోజూ మీకు నివేదికలు పంపుతాయి. మీ పేరుతో ఏ ఏ చోట్ల నుంచి ఎన్ని మెయిళ్లు వెళ్లాయో అందులో ఉంటుంది. తొలిసారి చూసినప్పుడు ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, ఊరూ పేరూ తెలియని దేశాల నుంచి మన పేరు వాడుతున్నవాళ్లు కనిపిస్తారు. మన సొంతవీ కనిపిస్తాయి: బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్, జీతాల చీటీలు పంపే సేవ, ఎప్పుడో పండుగ శుభాకాంక్షలకని పెట్టుకుని మరిచిపోయిన సంస్థ. మనవాటిని పట్టీలో చేర్చి, ముద్ర వేయించి, కొన్ని వారాలు గమనించి, రెండో మెట్టు ఎక్కాలి, ఆ తర్వాత మూడోది. చాలామంది మొదటి మెట్టు మీదే సంవత్సరాలు కూర్చుంటారు. 'మాకు డీమార్క్ ఉంది' అంటారు. ఉంది, కానీ దొంగను చూసి పేరు రాసుకుని లోపలికి పంపే కావలివాడు అది. 'రానీయకు' అనే ఆజ్ఞ పెట్టేదాకా పని పూర్తి కానట్టే.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఒక నియమం పెట్టాయి. పెద్ద సంఖ్యలో, అంటే గూగుల్ లెక్కలో రోజుకు 5 వేలకు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ ఉండాలి. చిన్న వ్యాపారులు ఈ సంఖ్య చూసి ఇది మనకు కాదులే అనుకున్నారు. దొంగకు మీ సంఖ్యతో పని లేదు, పైకం అడిగే మెయిల్ ఒక్కటి చాలు. మెయిల్ పంపని డొమైన్లు కూడా ఉంటాయి, వెబ్‌సైట్ కోసమే కొన్నవి. వాటికీ 'ఈ పేరుతో ఎవరూ మెయిల్ పంపరు' అని చిట్టాలో రాయించాలి. ఖాళీ ఇంటికి తాళం వేయడం అంటే అదే.

ఇంత చేశాక కూడా ఒక గండి ఉంటుంది. మా మండలంలో మల్కపేట జలాశయం కట్ట చూసినవాళ్లకు తెలుసు, ఒకచోట ఎంత గట్టిగా కట్టినా నీళ్లు బలహీనమైన చోటును వెతుక్కుంటాయి. డీమార్క్ మీ అసలు పేరును కాపాడుతుంది. మీ పేరులాంటి ఇంకో పేరును దొంగ సొంతంగా కొనుక్కుంటే అది ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ పేరుకు యజమాని వాడే. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన రాస్తే ఎం లాగ కనిపిస్తాయి. ఎల్ అనే అక్షరానికీ ఒకటి అంకెకూ తేడా తెలియదు. ఓ అక్షరం, సున్నా కవలలు. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలైతే ఇంగ్లీషువాటితో అచ్చుగుద్దినట్టు కలుస్తాయి. కాబట్టి మీ పేరుకు అతి దగ్గరగా ఉండే రెండు మూడు పేర్లు మీరే కొని పెట్టుకోండి. డాట్ కామ్ ఉన్నవాళ్లు డాట్ ఇన్ కూడా తీసుకోండి. డాట్ ఇన్ పేర్ల మీద తగాదా వస్తే తేల్చడానికి ఆ పేర్లను నడిపే నిక్సీ సంస్థ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫిర్యాదు చేయొచ్చు.

మీ పేరు రాసుకోవడం, మీ పేరులాంటిది కొనుక్కోవడం కాక, దొంగకు మూడో దారి లోపలి నుంచి. అసలు మెయిల్ పెట్టెలోకే దొంగ దూరితే పేరూ మీదే, ముద్రా మీదే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా. హైదరాబాద్ ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి గుర్తుందా? 2022 జనవరిలో ఆ బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. అంతకు రెండు నెలల ముందు సిబ్బందికి దాదాపు 200 దొంగ మెయిళ్లు వచ్చాయనీ, ఇద్దరు వాటిని నొక్కారనీ, ఆ సందులోంచే దొంగలు లోపలికి వచ్చారనీ పోలీసులు తేల్చారు. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. 200 మెయిళ్లలో ఇద్దరు. ఆ ఇద్దరిని తిట్టడం వల్ల ఉపయోగం లేదు, పని ఒత్తిడిలో ఎవరైనా నొక్కుతారు. మెయిల్ పెట్టెకు పాస్‌వర్డుతో పాటు రెండో తాళం పెట్టండి. సెట్టింగుల్లోకి వెళ్లి, మన మెయిళ్లు మనకు తెలియకుండా ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయా అని నెలకోసారి చూడండి. దూరినవాడు మొదట చేసే పనుల్లో అదొకటి, బాకీలు, బిల్లులు చదువుతూ సరైన రోజు కోసం కాచుకుంటాడు.

మన హైదరాబాద్ గురించి గర్వంగా చెప్పదగ్గ మాట ఒకటుంది. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది, 1996లో రిజర్వు బ్యాంకు పెట్టింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరి పేరుకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను ఇచ్చే అధికారం ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. బ్యాంకు కానివాడికి అది దొరకదు. అంటే బ్యాంకు పేరుతో వచ్చిన లింకులో డొమైన్ పేరు చివర చూసి నిజమో కాదో పోల్చుకునే వీలు సామాన్యుడికి దక్కింది. పేరును కాపాడటం పేరు గలవాడి పని అని ఒప్పుకున్న ఏర్పాటు ఇది.

చిన్న వ్యాపారులకు ఇంకో మాట. ఉచిత జీమెయిల్ ఐడీతోనే వ్యాపారం నడిపేవాళ్లు మన దగ్గర ఎక్కువ. చివర ఒక అంకె కలిపి అలాంటిదే ఇంకోటి తెరవడానికి దొంగకు రెండు నిమిషాలు చాలు, దాన్ని ఆపే హక్కు మీకు లేదు. డాట్ ఇన్ పేరు ఏడాదికి దాదాపు వెయ్యి రూపాయల్లో వస్తుంది. కొన్నవాళ్లలోనూ చాలామందికి ఆ పేరు ఎవరి మీద ఉందో తెలియదు. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి ఫోన్ నంబరు, వాడి మెయిల్ మీద ఉంటుంది. వాడు ఊరు మారాడు, గడువు తీరింది, రెన్యువల్ కాలేదు. మీ పేరును ఎవరో కొనుక్కున్నారు. ఆనాటి నుంచి మీకు వచ్చే మెయిళ్లు కూడా వాడికే వెళ్తాయి. భూమి పాసుబుక్కు పక్కింటివాడి పేర ఉంచుతామా?

పైకం పంపే చోట మాత్రం ఏ యంత్రమూ మీ చెవికి సాటి రాదు. ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, మీ పాత చిట్టాలో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. వాళ్లు చేసిన ఫోన్‌ను నమ్మకండి, ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు. సేటుతో పాతికేళ్ల వ్యవహారం ఉన్నా సరే, అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. మెయిల్ ఐడీని ఒక్కో అక్షరం బయటికి చదివి, పక్కన ఉన్నవాళ్లను పాతదానితో పోల్చి చూడమనండి.

అప్పటికే డబ్బు పోయి ఉంటే, సిగ్గుపడుతూ రెండు రోజులు కూర్చోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకా ఖాతాల్లో తిరుగుతుండగానే ఆపగలిగితే దొరుకుతుంది, దొంగ చేతికి నగదుగా వెళ్లాక కష్టం. మెయిల్‌ను చెరిపేయకండి, అదే సాక్ష్యం. కంప్యూటర్ సాయంతో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

వ్యాపారం ఉన్న శ్రోతలను ఒక్కటే కోరుతున్నాను. రేపు పొద్దున దుకాణం తెరవగానే, మీ కంప్యూటర్ పనులు చూసేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. మన డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? మన డీమార్క్ ఏ మెట్టు మీద ఉంది? 'చూడాలి సార్' అని జవాబు వస్తే, చూసేదాకా వదలకండి.